చెరసాల అధికారికి దొరికిన జవాబు

సుల్తాన్ బజార్‌లో చీరల కొట్లు దాటి అబిడ్స్ వైపు నడక మొదలుపెడితే కాసేపట్లోనే రకరకాల క్రైస్తవం ఎదురవుతుంది. గన్‌ఫౌండ్రీలో 1870లలో కట్టిన సెయింట్ జోసెఫ్ కథెడ్రల్ రోమన్ కాథలిక్కులది. కింగ్ కోఠి దారిలోని సెయింట్ జార్జ్ చర్చి 1860లలో ఇంగ్లీషు దొరల ఆంగ్లికన్ చర్చిగా లేచింది, ఇప్పుడు సి.ఎస్.ఐ. మెదక్ డయాసిస్ కింద ఉంది. చిరాగ్ అలీ లేన్‌లో మెథడిస్టులు. నారాయణగూడ వైపు తిరిగితే బాప్టిస్టులు. ఒకరి ప్రభు భోజనపు బల్ల దగ్గర ఇంకొకరు కూర్చోని రోజులు కూడా ఉండేవి.

వీళ్లందరూ ఒప్పుకునే వాక్యం ఒకటుంది. ఒప్పుకుంటూనే తలో రకంగా చదివే వాక్యం కూడా అదే. అపొస్తలుల కార్యములు పదహారో అధ్యాయం, ముప్ఫై ఒకటో వచనం. సువార్త కరపత్రాల మీద, ఆటోల వెనక, ఊరి పొలిమేర గోడల మీద తెలుగువాళ్లు ఎన్నోసార్లు చూసిందే. కథ తెలిస్తే గానీ దాని బరువు తెలియదు. ఫిలిప్పీ పట్టణంలో పౌలును, సీలను బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి లోపలి గదిలో పడేశారు. నడిరాత్రి వాళ్లు పాడుతుంటే భూకంపం వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల అధికారి కత్తి దూసి తనను తాను పొడుచుకోబోయాడు. ఖైదీ తప్పించుకుంటే కాపలావాడి ప్రాణం పోయే కాలం అది. పేతురు తప్పించుకున్నప్పుడు హేరోదు కాపలావాళ్లను చంపించిన సంగతి అదే పుస్తకంలో నాలుగు అధ్యాయాల ముందు ఉంది. అందరం ఇక్కడే ఉన్నామని పౌలు చీకట్లోంచి కేకేశాడు. దీపాలు తెప్పించి, వణుకుతూ వచ్చి, అధికారి ఒక ప్రశ్న అడిగాడు. దానికి ఖైదీలు చెప్పిన జవాబే ఈ వచనం: “ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము, అప్పుడు నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు.”

పదం పదం విడదీసి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఇందులో అందరూ ‘విశ్వాసం’ దగ్గర ఆగి, ‘ఇంటివారు’ మాటను దాటేసి పోతారు. తెలుగునాట క్రైస్తవం నడిచిన దారంతా ఆ రెండో మాటలో ఉంది.

ఏం చేయాలి

ప్రశ్న ఇది. రక్షణ పొందడానికి నేను ఏం చేయాలి? అడిగినవాడు కొలువులో ఉన్నవాడు. ఆజ్ఞ వస్తే చేయడం, చేయకపోతే శిక్ష పడటం, అతనికి తెలిసిన లోకం అంతే. మనకూ ఈ ప్రశ్న కొత్త కాదు. మొక్కు, ఉపవాసం, కొండకు కాలినడక, పొర్లుదండాలు, ఇవన్నీ దానికి మనవాళ్లు తరతరాలుగా ఇచ్చుకున్న జవాబులే. క్రైస్తవులేమీ తక్కువ తినలేదు. ఫిబ్రవరిలో గుణదల కొండెక్కి కొవ్వొత్తి వెలిగించేవాళ్లున్నారు, నలభై రోజుల ఉపవాస ప్రార్థనలు పట్టేవాళ్లున్నారు, కొత్త సంవత్సరం రాత్రి ఆరాధనలో తీర్మానాలు రాసుకునేవాళ్లున్నారు. వీటిలో చెడ్డవేమీ లేవు. కాకపోతే పౌలు జవాబులో వీటిలో ఒక్కటీ లేదు. ఎఫెసీయులకు రాసిన ఉత్తరంలో ఆయనే కారణం చెప్పాడు: ఇది కృపవల్ల దొరికేది, క్రియలవల్ల కాదు, కాబట్టి ఎవరూ అతిశయపడటానికి లేదు.

వినడానికి ఇంత తేలికైన మాట మింగుడుపడకపోవడానికి సుల్తాన్ బజార్ అలవాటే చాలు. ఇక్కడ చెప్పిన ధరకు కొన్నవాణ్ణి అమాయకుడంటారు. సగానికి అడిగి, వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేసి, వెనక్కి పిలిపించుకుని కొన్నదే కొనుగోలు. అలాంటి చోట ఎవడైనా ఊరికే తీసుకో అంటే చేయి ముందుకు రాదు, సరుకులో చిరుగెక్కడుందో అని మడతలు విప్పి చూస్తాం. కృపను కూడా మనిషి అలాగే తిప్పి తిప్పి చూస్తాడు. కనీసం కొంతైనా చెల్లించి పుచ్చుకుంటే మనసు కుదుటపడుతుంది. చెరసాల అధికారికి బేరమాడే తీరిక లేకపోయింది. కత్తి ఇంకా ఒరలోకి పోలేదు.

ప్రభువు

ఈ మాట మీద జారిపోవడం సులభం. ప్రార్థనలో ప్రతి రెండు మాటలకూ ‘ప్రభువా’ అనడం మనకు ఊపిరి పీల్చినంత అలవాటు. ఫిలిప్పీలో మాత్రం అది ప్రమాదకరమైన మాట. రోమా సైనికులు స్థిరపడిన పట్టణం అది, అక్కడ ప్రభువంటే కైసరు. పౌలు, సీలల మీద మోపిన నేరం కూడా ఇంచుమించు అదే: రోమీయులు పాటించకూడని ఆచారాలు చెబుతున్నారని. అంటే రక్షణ ఎలాగని అడిగినవాడికి ముందు దొరికింది ఒక యజమాని పేరు.

యజమాని మారడమంటే ఏమిటో ఈ బజారుకు తెలుసు. కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన ఈ వీధులు నిజాం నగరం నడిమధ్యన ఉండి కూడా నిజాం అధికారం కింద ఉండేవి కావు. రెసిడెన్సీ బజార్లన్న పేరు అందుకే. 1933లో వాటిని నిజాం సర్కారుకు తిరిగి అప్పగించారు, సుల్తాన్ బజార్ అన్న పేరు నిలిచింది. కొట్లు అవే, మనుషులు అవే. పోలీసు, కోర్టు మారాయి, ఎవరికి జవాబుదారీ అన్నది మారింది. యేసును ప్రభువనడంలో మొదటి అర్థం ఇదే. మనసుకు హాయినిచ్చేవాడనే అర్థం తర్వాతెప్పుడో వస్తుంది.

విశ్వాసముంచడం

పాత వేదాంతులు విశ్వాసంలో మూడు మెట్లు చూశారు. తెలుసుకోవడం, అది నిజమని ఒప్పుకోవడం, ఆనుకోవడం. మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతే అది దయ్యాలకు కూడా ఉన్న విశ్వాసమేనని యాకోబు తన పత్రికలో చురక అంటించాడు. దేవుడొక్కడేనని అవీ నమ్ముతాయి, నమ్మి వణుకుతాయి. చెరసాల అధికారికి మొదటి మెట్టు కూడా సరిగా లేదు. యేసు గురించి అతను విన్నదేమైనా ఉంటే అది ఆ రాత్రి గోడ అవతలి నుంచి వచ్చిన పాటలో ఉన్నంతే. మూడో మెట్టు మీదికి ముందు దూకి, మిగతా రెండూ తర్వాత ఎక్కాడు. వాక్యం అతనికి బోధించారన్న మాట మరుసటి వచనంలో వస్తుంది, ముందు కాదు.

సాదా విశ్వాసం అనే మాటకు రెండు అర్థాలు తిరుగుతున్నాయి. ఒకటి అడగకుండా నమ్మడం. యూరపులో బొగ్గులవాడి విశ్వాసమని ఒక పాత కథ ఉంది. నువ్వేం నమ్ముతావని అడిగితే సంఘం నమ్మేదే నమ్ముతానన్నాడట. మరి సంఘం ఏం నమ్ముతుందంటే, నేను నమ్మేదే అన్నాడట. కొందరు ఈ కథ మెచ్చుకోలుగా చెప్పారు, కొందరు వెక్కిరింతగా. నేను రెండో జట్టు. చెరసాల అధికారిది ఈ రకం కాదు, అతను అడిగాడు, ఆ రాత్రే కూర్చుని విన్నాడు. రెండో అర్థం, ఎంత నమ్మానన్న కొలత మానేసి ఎవరిని నమ్మానన్నది చూసుకోవడం. మార్కు సువార్తలో జబ్బు కొడుకును తీసుకొచ్చిన తండ్రి నమ్ముతున్నాననీ నమ్మలేకపోతున్నాననీ ఒకే శ్వాసలో అంటాడు. అతని కొడుకు బాగుపడ్డాడు. సిలువ మీద దొంగకు బాప్తిస్మం లేదు, సంఘ సభ్యత్వం లేదు, తప్పు దిద్దుకోవడానికి ఒక్క రోజు వ్యవధి కూడా లేదు. వాడు అడిగింది తనను జ్ఞాపకం చేసుకొమ్మని మాత్రమే.

ఇక్కడే శాఖలు విడిపోయాయి. విశ్వాసం ఒక్కటే చాలునన్నాడు లూథర్. 1547లో కాథలిక్కుల ట్రెంట్ మహాసభ, విశ్వాసం రక్షణకు ఆరంభమే గానీ ప్రేమ లేని విశ్వాసం చాలదని తీర్మానించింది. చిరాగ్ అలీ లేన్ మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీది ఇంకో దారి. గురుపట్టం పుచ్చుకుని పదేళ్లయింది, అమెరికాలో మిషనరీగా పనిచేసి ఓడి తిరిగొచ్చాడు, ఉపవాసాలూ నియమాలూ లెక్కప్రకారం పాటించాడు. అయినా గుండెలో ఏమీ లేదు. 1738 మే 24 రాత్రి, లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధి కూడికలో ఎవరో లూథర్ రాసిన రోమా పత్రిక పీఠిక చదువుతుంటే, తొమ్మిదికి పావుగంట ముందు తన గుండె వింతగా వెచ్చబడిందని డైరీలో రాసుకున్నాడు. గడియారం చూసుకుని మరీ రాయడం వెస్లీకే చెల్లింది. నాలుగున్నర శతాబ్దాల తగవుకు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులు, లూథరన్లు కలిసి ఒక ఉమ్మడి ప్రకటన చేశారు: మనిషిని దేవుడు అంగీకరించేది కృపవల్లే, మనిషి యోగ్యతవల్ల కాదని. 2006లో ప్రపంచ మెథడిస్టు సభ దానితో ఏకీభవించింది. గన్‌ఫౌండ్రీకీ చిరాగ్ అలీ లేన్‌కూ మధ్య ఉన్న సిద్ధాంత దూరం ఆ మేరకు తగ్గింది. ఆ గుళ్లలో కూర్చునేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమందో మరి.

నీవు

ఏకవచనం. అడిగింది ఒక్కడు కాబట్టి. ఒకరి బదులు ఇంకొకరు నమ్మడం కుదరదు. పుట్టు క్రైస్తవులన్నా నామకార్థ క్రైస్తవులన్నా ప్రసంగాల్లో వినబడే విసుగంతా ఈ మాట మీద నిలబడిందే.

నీ యింటివారు

ఇంటివారంటే రోమా ఇల్లు. భార్యాపిల్లలతో ఆగదు, దాసదాసీలు కూడా అందులోకే వస్తారు. అదే అధ్యాయంలో అంతకుముందే ఇంకో ఇల్లు మొత్తం బాప్తిస్మం పొందింది. ఆ ఇంటి పెద్ద లూదియ అనే ఆడమనిషి. ఊదారంగు బట్టల వ్యాపారం ఆమెది, తుయతైర పట్టణం నుంచి వచ్చింది. యూరపు గడ్డ మీద పౌలు మాట విని చేరిన మొదటి ఇల్లు ఒక బట్టల వ్యాపారిదన్నమాట. సుల్తాన్ బజార్‌లో నిలబడి ఈ అధ్యాయం తీయడానికి అదొక అదనపు కారణం.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల్లో నాకొక తెలుగు బైబిలు దొరికింది. అట్ట మీద గుడ్డ అతికించి, వెన్ను దారంతో కుట్టారు. ముందు పేజీల్లో కుటుంబ వివరాలు: పుట్టిన తేదీలు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ప్రభువునందు నిద్రించిన తేదీలు. మూడు రకాల సిరాలు, కనీసం ఇద్దరి చేతిరాత. ఒక పేరు పక్కన మాత్రం పుట్టిన తేదీ ఉంది, పెళ్లి తేదీ ఉంది, బాప్తిస్మం గడి ఖాళీగా ఉంది.

ఆ ఖాళీ గడి చుట్టూ పెద్ద చర్చే నడిచింది. కాథలిక్కులు, సి.ఎస్.ఐ.వాళ్లు, మెథడిస్టులు, లూథరన్లు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తారు. ఇంటివారు అన్నప్పుడు ఉయ్యాలలో బిడ్డ కూడా లెక్కే కదా అంటారు. ఇంటిల్లిపాదికీ వాక్యం చెప్పారనీ, ఇంటిల్లిపాదీ ఆనందించారనీ కథలోనే ఉంది, వినలేనివాడు ఆ లెక్కలోకి ఎలా వస్తాడంటారు బాప్టిస్టులు. వచనం ఇద్దరికీ పనికొస్తుంది, ఎవరికీ పూర్తిగా లొంగదు. అయితే ఇద్దరి దృష్టీ పసిబిడ్డ మీదే పడి, దాసుడి సంగతి వెనక్కి పోయింది.

ఆ దాసుడు మన దేశంలో ఎదురయ్యాడు. ఒంగోలు ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ల వ్యాపారి 1866లో బాప్తిస్మం పొందాడు. పేరయ్య ఏమీ తెలియక వచ్చిన మనిషి కాదు. అంతకుముందు రాజయోగం గురువుల దగ్గర శిష్యరికం చేసి, తానే శిష్యుల్ని కూడగట్టినవాడు. ఆయన వెనక బంధువులు, బంధువుల పల్లెలు కదిలాయి. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. అన్నం కోసం చేరతారేమోనన్న భయంతో ఆ పని నడిచినన్నాళ్లు, ఏడాదికి పైగా, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ఆగిన తర్వాత కూడా జనం వస్తూనే ఉంటే ఇక ఆపలేకపోయాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులే.

విడివిడిగా మనిషి మారడమే మారడమని నమ్మే బాప్టిస్టు లోకం ఈ అంకె విని సంతోషించింది, కంగారూ పడింది. ఇంతమంది ఒకేసారి, అదీ కుటుంబాలకు కుటుంబాలు, నిజంగా నమ్మారా? క్లో వాళ్లనడిగింది సిద్ధాంతం కన్నా కఠినమైనది. ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను మొక్కకూడదు. కాగితం మీద మూడు చిన్న నియమాలు. మాదిగవాడలో ఇవి ఊరి కట్టుబాటు మొత్తాన్ని పెకలించే నియమాలు. చచ్చిన గొడ్డును ఎత్తడం, దాని తోలుతో చెప్పులూ మోట బొక్కెనలూ కుట్టివ్వడం వెట్టిలో భాగం. జాతరలో డప్పు కొట్టడం కూడా అంతే. కోతల కాలంలో ఆదివారం రానంటే ఆసామి ఊరుకోడు. ఇంతటి పోరు ఒక్కడివల్ల అయ్యేది కాదు, ఇల్లు కలిసి రావాలి, పల్లె కలిసి రావాలి. గుంపుగా చేరారన్న ఎత్తిపొడుపుకు ఇదే నా జవాబు: ఒంటరిగా చేరేంత తాహతు ఎవరికుంది? చదువు రానివాళ్లకు ఏం తెలుసన్నదానికి జవాబు వాళ్ల నోళ్లలో ఉండేది. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు కట్టిన కీర్తనలు సిద్ధాంతాన్ని అక్షరం అవసరం లేకుండానే ఇళ్లలోకి చేర్చాయి.

ఇదే ప్రశ్న అరవై ఏళ్ల తర్వాత గాంధీ దాకా వెళ్లింది. నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన బాప్తిస్మం ఇచ్చేటప్పుడు మాల మాదిగ కూలీల చేతే తమ తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అనే పౌలు మాటను చెప్పించేవాడు. నిన్నటిదాకా ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషిని ఈరోజు బోధకుణ్ణి చేయడమది. గాంధీకి ఈ సామూహిక మార్పులు నచ్చలేదు. 1936లో క్రైస్తవ మిషన్ల నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, మతాల తారతమ్యం తెలుసుకోవడం అంటరానివారిలో కొందరికి ఆవుకు చేతనైనంతే చేతనవుతుందని, ఆవుకు సువార్త చెబుతారా అని అడిగాడు. ఆశ చూపి మనుషుల్ని తిప్పుకోవడం మీద ఆయనకున్న అభ్యంతరం న్యాయమైనదే, క్లో భయం కూడా అదే. కానీ ఆ పోలికలో పేదవాడికి నమ్మే శక్తే లేదన్న తీర్పు దాగుంది. ఫిలిప్పీ చెరసాలలో చెప్పిన జవాబు ఆ తీర్పును ఒప్పుకోదు. యజమానికి చెప్పిన వాక్యాన్నే, అదే రాత్రి, ఇంట్లో ఉన్న అందరికీ చెప్పారు, దాసి ఉంటే ఆమెకు కూడా.

బాప్తిస్మం గడి ఖాళీగా ఉండటానికి ఈ రోజుల్లో ఇంకో కారణం కూడా ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా క్రైస్తవులకు వర్తించదు. మన రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులను బి.సి.–సి కింద లెక్కిస్తారు, దాని వాటా ఒక్క శాతం. అందుకని ఆదివారం గుడికి వెళ్తూ, బల్లకు మాత్రం దూరంగా వెనక బెంచీలో కూర్చునేవాళ్లు ఏ ఊళ్లో అడిగినా కనిపిస్తారు. వాళ్ల విశ్వాసం సాదాదా కాదా అని తేల్చే పని నాది కాదు. వాళ్లను వేలెత్తి చూపే పాస్టరు ముందు వాళ్ల పిల్లల ఫీజు రసీదు చూస్తే బాగుండు.

రక్షణ

దేనినుంచి? చెరసాల అధికారి అడిగినప్పుడు ముందు కత్తినుంచే అనుకోవాలి. తర్వాత పాపంనుంచి, దాని జీతమైన మరణంనుంచి. కొత్త నిబంధనలో ఈ మాట మూడు కాలాల్లోనూ నడుస్తుంది: రక్షింపబడ్డాం, రక్షింపబడుతున్నాం, రక్షింపబడతాం. మన సంఘాలు ఒక్కొక్కటీ ఒక్కో కాలాన్ని పట్టుకున్నాయి. “ఏ సంవత్సరంలో రక్షింపబడ్డారు బ్రదర్?” అని పరిచయం కాగానే అడిగేవాళ్లది భూతకాలం. ఆ తరహా సాక్ష్యానికి ఈ నగరంలో పెద్ద పేరు భక్తసింగ్. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి, 1929లో కెనడాలో కొత్త నిబంధన చదువుతూ మారుమనస్సు పొంది, 1932లో అక్కడే బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత హైదరాబాదు గోల్కొండ క్రాస్ రోడ్స్‌లో హెబ్రోను కేంద్రంగా దేశమంతా సహవాసాలు నెలకొల్పి, 2000 సెప్టెంబరులో ఇక్కడే కన్నుమూశాడు. తేదీ చెప్పగలిగిన సాక్ష్యానికి గొప్ప బలముంది. క్రైస్తవ ఇంట్లో పుట్టి, నమ్మని రోజంటూ ఎప్పుడూ ఎరగని పిల్లకు మాత్రం ఆ తేదీ దొరకదు. అలాంటి పిల్లలు యూత్ మీటింగుల్లో తేదీ కోసం వెతుక్కుని, దొరక్క, ప్రతి ఏడూ మళ్లీ చెయ్యెత్తడం నేను చూశాను. వచనంలో నమ్మమని ఉంది, తేదీ రాసుకొమ్మని లేదు.

ఆ రాత్రే

చివరగా జవాబు తర్వాత జరిగినది. అధికారి వాళ్లను తీసుకెళ్లి వీపు మీది దెబ్బలు కడిగాడు. రక్షణకు షరతుగా ఎవరూ అడగని పని. ఆ దెబ్బలు అతని కొలువు కొట్టించినవే. తర్వాత బాప్తిస్మం, తర్వాత ఇంట్లో భోజనం. విశ్వాసమా క్రియలా అన్న తగవులో యాకోబును, పౌలును రెండు వైపులా నిలబెట్టేవాళ్లు ఈ వరుసను ఒకసారి చూడాలి.

తెల్లారాక న్యాయాధిపతులు బంట్రోతుల్ని పంపి ఇద్దరినీ వదిలేయమన్నారు. పౌలు కదల్లేదు. విచారణ లేకుండా రోమా పౌరుల్ని అందరి ముందు కొట్టించారు, ఇప్పుడు గుట్టుగా పంపేస్తారా, వాళ్లే స్వయంగా వచ్చి తీసుకెళ్లాలి అన్నాడు. రాత్రి ఏమీ చేయనక్కర్లేదని చెప్పిన మనిషే పొద్దున చట్టం మాట్లాడాడు. వాళ్లు భయపడి వచ్చి, బతిమాలి, బయటికి తీసుకొచ్చి, ఊరు విడిచి వెళ్లమని వేడుకున్నారు. ఇద్దరూ చెరసాలనుంచి నేరుగా బట్టల వ్యాపారి లూదియ ఇంటికి వెళ్లి, అక్కడ చేరినవాళ్లకు ధైర్యం చెప్పి, అప్పుడు ఊరు దాటారు.